నీళ్లు తగలని అంగీ

సేనాపతి అంగీ ఉన్న పెట్టెకు ఒకటే తాళంచెవి. అది అమీరున్నీసా మెడలో, తాయెత్తు పక్కన, అబాయా లోపల ఉండేది.

ఆమెది రాయచోటి. భర్త పోయాక రియాద్‌లో ఒక ఇంట్లో పనికి చేరింది. ఆ ఇంట్లో ఏ బీరువా తాళమూ ఆమె చేతికి రాలేదు. ఏదైనా కనబడకపోతే మాత్రం మొదట వెతికేది ఆమె సంచినే. కొన్నేళ్లకు కఫాలత్, అంటే వీసాకు పూచీ ఉండే యజమానిని, మార్చుకుని, కుట్టుపనివాళ్లను, ఇస్త్రీవాళ్లను పంపే ఒక కంపెనీలోకి వచ్చింది. కంపెనీ ఆమెను థియేటర్‌కు పంపింది.

అక్కడ ఇటలీ వాళ్లూ చైనా వాళ్లూ కలిసి ఒక ఒపేరా తయారుచేస్తున్నారు. కథంతా పాటల్లోనే నడిచే నాటకం అది. వయొలిన్లు ఇటలీవి, డప్పులూ తాళాలూ చైనావి. యుద్ధం ఓడిపోయిన సేనాపతి ఎంతసేపు మౌనంగా నిలబడాలన్న దాని మీద రెండు దేశాల పండితులూ రోజూ వాదించుకునేవారు. సేనాపతి పాట మార్కో అనే ఇటలీ గాయకుడిది. అంగీ మాత్రం చైనా బృందానిది. ఆకుపచ్చ పట్టు మీద బంగారు జరీ డ్రాగన్లు.

బట్టల పెట్టెలన్నిటికీ పెద్ద గువో. అరవై దాటిన మనిషి. తన భాష తప్ప మరొకటి రాదు. ఆమె ఫోన్‌లోకి మాట్లాడితే ఫోన్ దాన్ని ఉర్దూలో చెప్పేది. అంగీ చూపించి అమీరున్నీసాకు ఆమె చెప్పిన మొదటి మాట: "దీనికి ఎప్పుడూ నీళ్లు తగలకూడదు."

అమీరున్నీసా మడత పెట్టే తీరును గువో కొన్నాళ్లు పక్కన నిలబడి చూసింది. తర్వాత ఒకరోజు తాళంచెవిని ఆమె మెడలో వేసి తన పనికి తాను వెళ్లిపోయింది. మళ్లీ తిరిగి అడగలేదు.

ప్రదర్శన దగ్గర పడింది. రిహార్సల్లో మార్కో చెమటతో తడిసిపోయాడు. సేనాపతి భుజాలు వెడల్పుగా కనబడాలని అంగీ కింద దూది జాకెట్ తొడుగుతారు. అంగీ మెడపట్టీ కంపు కొట్టింది. అమీరున్నీసాకు తెలిసిన మందు ఒకటే. పాత ఇంట్లో మేడం అబాయాలకు చేసినట్టే, నిప్పుల మీద బఖూర్ వేసి, ఆ ఊదు పొగ మీద అంగీని పట్టింది. బాగా పట్టాలని ఒక ముక్క ఎక్కువే వేసింది.

మర్నాడు మార్కో రెండు చరణాలు పాడి మూడోదాంట్లో దగ్గు అందుకున్నాడు. అంగీ విప్పి కుర్చీ మీద పడేశాడు. అమీరున్నీసా దాన్ని తీసి పెట్టెలో పెట్టి తాళం వేసింది. అంగీని వెంటనే లాండ్రీకి పంపమని ఇటలీ బృందంలో దుస్తులు చూసే ఆవిడ చెప్పింది. గువో అప్పటికి హోటల్లో కిరీటాల పని మీద ఉంది.

కంపెనీ సూపర్‌వైజర్ ఖాజా వచ్చాడు. నిజామాబాద్ మనిషి.

"ఏం జేసినవమ్మా? గాయన దగ్గి దగ్గి సచ్చేటట్టున్నడు."

"బఖూర్ పట్టినా అన్నా."

"గిది నీ మేడం బుర్ఖా అనుకున్నవా? తే, తాళపుచెవి ఇయ్యి. లాండ్రీ బండి కింద నిలబడ్డది."

"ఇయ్యను."

"ఏందీ?"

"నీళ్లల్లో పడితే రంగు కారిపోతాది. జరీ ఊడొస్తాది. గువోమ్మ వచ్చి ఇయ్యమంటే ఇస్తా."

"తప్పు జేసింది నువ్వు. మల్ల మొండితనం గూడ నీదేనా?"

"తప్పు నాదే. బట్టది కాదు గదా! నన్నేమన్నా అనుకో. నేను చేసిన పనికి దాన్ని ఉతకనియ్యను."

"తాళం పగలగొట్టిస్త."

"కొట్టించు. నేను దాని మీద కూచుంటా. నాతోపాటే ఎత్తుకపోండి."

నిజంగానే పెట్టె మీద కూచుంది. ఖాజా ఫోన్ తీసి హోటల్‌కు చేశాడు.

గువో గబగబా వచ్చింది. వస్తూనే ఫోన్‌లో ఏదో అంది. "మా నాటకాల ఆచారం ప్రకారం పెట్టె మీద విదూషకుడు తప్ప ఎవరూ కూచోకూడదు," అని ఫోన్ చెప్పింది.

"అయితె సరైన మనిషే కూసున్నది," అన్నాడు ఖాజా.

అమీరున్నీసా లేచి, పెట్టె తెరిచి, జరిగింది చెప్పింది. గువో మెడపట్టీ వాసన చూసి, కళ్లు మూసుకుని, చాలా మెల్లగా ఫోన్‌లోకి మాట్లాడింది. ఫోన్ మాత్రం గట్టిగానే చెప్పింది: "మా దగ్గరైతే షరాబ్ చల్లుతాం. ఈ దేశమని తీసుకురాలేదు. అడగడానికి భయపడ్డాను."

ఖాజా ఒక్క అంగలో వెళ్లి తలుపు మూశాడు. "మెల్లగ! అందర్ని జైలుకు పంపిస్తరా ఏంది?"

అమీరున్నీసా వెళ్లి ఆ తలుపు తెరిచింది. స్టేజి మేనేజర్ అరీజ్, సౌదీ అమ్మాయి, వసారాలో ఉంది. అమీరున్నీసా పాత ఇంట్లో నేర్చుకున్న అరబ్బీలో అందరికీ వినబడేట్టే ఆమెను అడిగింది: "సూదికి ముందు తుడుస్తారే, ఆ స్పిరిట్ కావాలి. బట్ట మీద చల్లడానికి."

"ఫార్మసీలో ఉంటుంది. తెప్పిస్తాను," అంది అరీజ్. "తలుపెందుకు మూశారు?"

ఖాజా అమీరున్నీసా వైపు తిరిగాడు. "నమాజు చదివేదానివి, గా చేతులతోని దాన్ని ముట్టుకుంటవా?"

"కరోనాలో శానిటైజరని ఇదే పొద్దుకూ పూసుకుంటివే అన్నా. అప్పుడు నీ చేతులు యాడ దాచిపెట్టి నమాజు చదివితివి?"

సీసా వచ్చాక గువో ముందు లోపలి అంచు మీద చల్లి, రంగు కారలేదని చూసుకుంది. ఇద్దరూ అంగీని తిరగేసి, అస్తరు మీద చల్లి, ఫ్యాన్ కింద వేలాడదీశారు. సాయంత్రానికి చెమట వాసన పోయింది. ఊదు కొంచెం మిగిలింది. మార్కో ముక్కు దగ్గర పెట్టుకుని, సేనాపతి యుద్ధానికి కాక పెళ్లికి పోతున్నట్టున్నాడన్నాడు. పాట మాత్రం చివరిదాకా పాడాడు.

అమీరున్నీసా తన గదికి బయల్దేరుతుంటే ఖాజా ఎదురొచ్చాడు. "రేపటి సంది హోటల్ యూనిఫాంల ఇస్త్రీకి పో. ఇక్కడ నీ పని అయిపోయింది."

ఆమె సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

మర్నాడు మొదటి ఆట. హోటల్ బండి వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది. అమీరున్నీసా గదిలో కూచుని టీ తాగింది. కాసేపటికి ఫోన్ మోగింది.

"పెట్టె తాళపుచెవి ఏడున్నది?" ఖాజా.

"నా మెడలో."

"డ్రైవర్‌ను పంపుత. గాయనకియ్యి."

"ఇయ్యను."

"అరే, గా ముసలమ్మ తాళం పగలగొట్టనిస్తలేదమ్మా! నిన్ను పిలువుమంటది, నవ్వుతది."

"చెవి ఒక్కటే రాదన్నా. నేనూ వస్తా. ఆటలన్నీ అయిపోయేదాకా ఆ పెట్టె కాడ నేనే ఉంటా."

అవతల ఖాజా డ్రైవర్‌ను కేకేశాడు.

"బండి వస్తున్నది. కిందికి దిగు."

ఆమె వెళ్లేసరికి పెట్టె చుట్టూ చాలామంది నిలబడి ఉన్నారు. ఖాజా చెయ్యి చాచాడు. అమీరున్నీసా ఆ చేతిని దాటుకుని వెళ్లి, తాళం తీసి, అంగీని గువోకు అందించి, తాళంచెవిని మళ్లీ మెడలో వేసుకుంది.