బొట్టు పెట్టిన రిపోర్టు

తొంభైల చివర్లో పటాన్‌చెరులో టైర్ల దుకాణం పైన ఒక గది కిరాయికి తీసుకుని, కార్ల పరిశ్రమ మీద స్వతంత్ర పరిశోధకుణ్ణని బోర్డు పెట్టుకున్నాను. స్వతంత్రం అంటే ఏమిటో తెలుసా? ఏం తేలాలో కంపెనీవాడు ముందే చెప్తాడు. ఎలా తేల్చాలన్నది మన ఇష్టం.

ఒక కంపెనీ కొత్తగా చిన్న కారు దింపింది. దాని విడిభాగాలు చేసే షెడ్లు మా చుట్టుపక్కల లేవాలని వాళ్ల కోరిక. అందుకని పల్లెల్లో ఆ కారుకు గిరాకీ ఉందని నన్ను రాయమన్నారు. జోగిపేట ఏ దిక్కున ఉందో తెలియని మేనేజరు ఏసీ గదిలో కూర్చోబెట్టి పల్లెల గురించి నాకే పాఠం చెప్పాడు.

నాకూ ఒక పద్ధతి ఉండేది. మా దిక్కున బండి కొన్నవాళ్లు చాలామంది ముందు ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడికి తెచ్చి పూజ చేయిస్తారు. నాలుగు ఆదివారాలు గుడి బయట టీ బండి దగ్గర కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు, సెకండ్‌హ్యాండ్ కార్లు. ఆ కొత్త కారు ఒక్కటంటే ఒక్కటి రాలేదు.

"గా చిన్న కారుల మేకపిల్ల గూడ పట్టది సార్, ఎవరు కొంటరు?" అన్నాడు టీ బండి ఆయన.

మేనేజరుకు చెప్తే నవ్వాడు. "గుడి ముందు లెక్కలేంటండీ, గ్రాఫ్ వేయండి" అన్నాడు. వేశాను. స్కేలు పెట్టి, పైకి. రెండు పాత పత్రికలు, ఇద్దరు డీలర్లకు ఫోన్లు, స్పైరల్ బైండింగు. గాడిద గుడ్డు తయారైంది. కంపెనీ దాన్ని ఊళ్లలో పంచింది.

నా గది ఓనరు రైతు. ఒక పొద్దున ఆ రిపోర్టు పట్టుకుని పైకి వచ్చి గ్రాఫ్ మీద వేలు పెట్టాడు.

"గీ గీత మీరే గీసిండ్రా సార్?"

"నేనే."

"మీదికే పోతది గదా? రోడ్డు పక్క రెండెకరాలు అమ్మి రబ్బరు సామాన్ల షెడ్డు ఎయ్యాలనుకుంటున్న. జెర సోంచాయించి చెప్పుండ్రి."

నోట్‌బుక్ సొరుగులోనే ఉంది. "పోతది పటేలా" అన్నాను.

దసరాకు ఆయన కొత్త షెడ్డులో మిషన్లకు పసుపు, కుంకుమ. పక్కన పీట మీద నా రిపోర్టు. దానికీ బొట్టు, బంతిపూలు. కొబ్బరికాయ నాతోనే కొట్టించాడు. సిగ్గులేకుండా కొట్టాను.

రెండేళ్లు తిరక్కుండానే కంపెనీ ఆ కారు ఆపేసింది. మేనేజరు ఇంకా పెద్ద కంపెనీకి పోయాడు, అలాంటివాళ్లకు ఎక్కడైనా కుర్చీ దొరుకుతుంది. షెడ్డు మూతపడింది, మిషన్లు తుక్కుకు పోయాయి. అమ్మిన రెండెకరాల్లో ఎవరో ప్లాట్ల రాళ్లు పాతారు. పటేలు నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ దసరాకు జమ్మి ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. పూజ పీట మీద కొడవలి, పార ఉన్నాయి. వాటి పక్కన నా రిపోర్టు, దాని మీద కొత్త బొట్టు.

"ఇంకా దీనికెందుకు పటేలా?"

"సదువుకున్నోళ్లు రాసింది సార్. గీత మంచిదే, నా నసీబే బాలేదు."

నా చేతిలో జమ్మి పెట్టి అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకున్నాడు. నోట్‌బుక్ సంగతి ఆ రోజు కూడా చెప్పలేదు.