జవాబు రాని మెసేజ్

విజయనగరంలో మా మావ ఆడిన ఆఖరి నాటకానికి లైట్లు నేనే చూశాను. నా లాప్‌టాప్ హాలు వెనక, లైట్లు నడిపే లాప్‌టాప్ స్టేజీ పక్కన, రెంటికీ మధ్య వైఫై. రిహార్సల్లో లైట్ల కోసం నేను పంపిన మెసేజ్‌లు కొన్ని దారిలోనే పోయేవి. విసుగెత్తి, అవతలి నుంచి ‘అందింది’ అని జవాబు రాకపోతే అదే మెసేజ్ మళ్లీ వెళ్లేలా ప్రోగ్రాం రాశాను. గొప్ప పని చేశాననుకున్నాను.

మావది చచ్చిపోయే ముసలి రాజు వేషం. రాజు పడిపోగానే లైట్లన్నీ ఆరాలి. మావకి మోకాళ్లు పట్టేశాయి కాబట్టి, ఆ చీకట్లో ఇద్దరు వచ్చి ఆయన్ని లేపి తీసుకుపోవాలి.

మీట నొక్కాను. లైట్లు ఆరాయి. జవాబు మాత్రం జనం ఫోన్ల రద్దీలో ఎక్కడో పోయింది. దాంతో నా లాప్‌టాప్ అదే మెసేజ్ మళ్లీ పంపింది. ఆర్పడానికీ వెలిగించడానికీ నేను పెట్టింది ఒకటే మెసేజ్. ఒకసారి అందితే ఆరుతాయి, రెండోసారి అందితే వెలుగుతాయి. బుద్ధున్నవాడెవడూ అలా రాయడు.

లైట్లన్నీ వెలిగాయి. చచ్చిన రాజుని చంకల్లో చేతులేసి ఇద్దరు లేపుతున్నారు. కిరీటం చెవి మీదకి జారిపోయింది. హాలంతా నవ్వింది.

మావ మళ్లీ ముఖానికి రంగేసుకోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో విడమరిచి చెప్పాలని మర్నాడు ఇంటికెళ్లాను. మోకాళ్లకి నూనె రాసుకుంటూ, తలెత్తకుండా అంతా విన్నాడు.

“ఒక్కసారి సస్తే సరిపోదేటిరా?” అన్నాడు.