లక్ష్మీనరసమ్మ మణికట్టు

ధర్మవరంలో లక్ష్మీనరసమ్మ పని మగ్గానికి కుడివైపు కూర్చుని, అంచు దారాన్ని అటూ ఇటూ మోసే నాడె విసరడం. చీర మధ్యభాగం, ఎడమ అంచు భర్త రామాంజులువి, కుడి అంచు ఆమెది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. కిందటేడు పట్టుకు రంగు కాచే గంగాళం ఒరిగి, మరిగే నీళ్ళు ఆమె కుడి ముంజేతి మీద పడ్డాయి. పుండు మానింది. మానిన చోట చర్మం తోలు బెల్టులా గట్టిపడి మణికట్టును బిగించేసింది. మణికట్టు వంగకపోతే నాడె పోదు.

అప్పుడొచ్చింది అనుపమ. కొత్తచెరువు బట్టలకొట్టు వాళ్ళమ్మాయి, బెంగళూరులో కాలిన మచ్చల మీద పరిశోధన చేస్తోంది. పట్టుదారం ఉడకబెట్టినప్పుడు వదిలే జిగురుతో ఆమె బృందం ఒక మందు తయారుచేసి, కాలిన మచ్చలున్నవాళ్ళ మీద పరీక్షిస్తోంది. పట్టు నేసే చేతిని పట్టే బాగుచేస్తుందంటూ ఇక్కడ ఎవరైనా కళ్ళు తుడుచుకోవచ్చు. నాకంత ఓపిక లేదు. మచ్చ కింద పీచు మందంగా పేరుకోకుండా ఆ జిగురు ఆపుతుందా, లేదా? జవాబు ఇంకా ఎవరికీ తెలియదు.

అనుపమ మచ్చను రెండు సగాలు చేసింది. మోచేతి వైపుకు ఎర్రమూత డబ్బా, మణికట్టు వైపుకు తెల్లమూత డబ్బా. ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో ఉత్త వాసెలిన్. ఏది ఏదో చెప్పలేదు.

"కలపొద్దమ్మా. రెండింటికీ తేడా చూడాల."

కొన్నాళ్ళకు మోచేతి వైపు మెత్తబడింది. మణికట్టు వైపు అలాగే ఉంది. లక్ష్మీనరసమ్మ రెండు డబ్బాలూ గిన్నెలో కలిపి చెయ్యంతా పూసుకుంది.

మళ్ళీ వచ్చి కొలిచిన అనుపమకు రెండు సగాలూ సమానంగా కనిపించాయి. "మందు పనిచేసినట్టు లేదమ్మా. మచ్చ దానంతటదే మెత్తబడినట్టుండాది."

"పనిచేయకేం. రెండుపక్కలా పూసినా గదా."

"కలపొద్దంటి కదమ్మా."

"ఒకపక్క నునుపు, ఒకపక్క గరుకు. ఎట్ల ఊరుకుంటా మేడమ్? అంచులు కలవని చీర షావుకారు మొగాన కొడతాడు."

"నువ్వేమన్నా చీరనా?" అన్నాడు రామాంజులు.

మణికట్టు వంగాలన్న ఆశా ఉండే ఉంటుంది. ఆ మాట ఆమె అనలేదు.

"ఇట్లయితే నీ చెయ్యి లెక్కలోకి రాదమ్మా," అంది అనుపమ. "పరీక్ష నుంచి తీసేయాల. మందూ ఆపాల."

"లెక్కలో ఇంకెవురినన్నా పెట్టుకో. డబ్బా ఈడ పెట్టిపో."

"పరీక్షలో లేనోళ్ళకు ఇస్తే నా ఉద్యోగం పోతాది."

"అంగట్లోకి ఎప్పుడొస్తాది?"

"వస్తే, ఏళ్ళు పడతాది."

అనుపమ వెళ్ళాక రామాంజులు గొణిగాడు. "నోరు మూసుకోనుంటే సరిపొయ్యేది గదే."

"మూసుకోనుంటే మందు పనిచేయలేదని రాసుకోని పోయుండేది. అప్పుడూ ఆపేసేదే."

చెయ్యి సగం వంగుతోంది. నాడెకు ఆ సగం చాలదు. రామాంజులు బత్తలపల్లె నుంచి ఓబిలేష్ అనే నేతగాణ్ణి పిలిపించి మగ్గానికి కుడివైపు కూర్చోబెట్టాడు. లక్ష్మీనరసమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని నాడెల్లోకి దారం కండెలు చుడుతోంది. దానికి మణికట్టు వంగనక్కర్లేదు. మధ్యాహ్నం ఓబిలేష్‌కు అన్నం పెట్టేదీ ఆమే.