అంగడి అని రాసిన అరుగు

ఉద్యోగమంతా పిల్లలకు తెలుగు చెప్పి, మాటతో ఆడుకునేవాణ్ణి మాటే ఒకరోజు ఆడుకుంటుందని తెలుసుకోలేకపోయినవాణ్ణి నేను. నోట్లో పన్ను ఊడే వయసులో ఇంటికి కొత్త పన్ను మొలిపించాను. అదీ నా ఇంటికి కాదు, మా మేనత్త ఇంటికి. ఇప్పుడు నేనుంటున్న ఆ ఇంటికే మొన్న పొద్దున వార్డు సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఎండకు నెత్తిన చున్నీ కప్పుకుని, వీధిలో నిలబడి, అరుగుకు ఫోటో తీసింది. ఫోనులోకి చూసి, మళ్ళీ అరుగు వైపు చూసి, "తాతా, దీంట్లో ఈడ అంగడి అని ఉండాది. ఏం అంగడి?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. వెంటనే మా అత్త గుర్తొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

కల్లూరు దాపున, ఇప్పుడు షేర్ ఆటోలు మలుపు తిరిగేచోట మా అత్త ఇల్లు. ఇంటి ముందు నల్లటి కడప బండలు పరిచిన పొడుగాటి అరుగు. పగలంతా ఎండ తాగిన ఆ బండలు సాయంత్రానికి పెనంలా కాలేవి. అత్త బిందెడు నీళ్ళు కుమ్మరించేది. సుర్రుమని ఆవిరి లేచేది, తడిసిన రాతి వాసన వీధి చివరిదాకా పోయేది. ఆ వాసనే పిలుపు. గాజులమ్మే పక్కింటి ఖాలా వచ్చేది, ఎదురింటి ఆటో ఆయన భార్య వచ్చేది, చేటలో శెనక్కాయలతో ఇంకెవరో వచ్చేవారు. అత్తకు పిల్లల్లేరు, మామ త్వరగా పోయాడు. ఇంటి లోపల ఆమెకు ఉన్నవి గోడలు. మనుషులంతా ఆ అరుగు మీదే ఉండేవారు. మామ బతికున్నప్పుడు, "మీ అత్త అంగడి తెరిచింది, ఇంక మనకు బువ్వ లేదు పా" అని నాతో అనేవాడు. ఆయన పోయినా ఆ పేరు పోలేదు. అత్త యాడ అని ఎవరడిగినా, అంగడిలో ఉండాది అనేవాళ్ళం.

ఇక్కడ పన్ను వేసేవాళ్ళ గురించి కొంచెం చెప్పాలి. పంచాయతీ రోజుల్లో ఆ పనికి ఊరి పెద్దలు ఊరివాణ్ణే చూసి పెట్టేవారు. ఎవరి గోడ ఎప్పుడు లేచిందో, ఎవరి కొట్టం ఎప్పుడు కూలిందో అతనికి టేపు లేకుండానే తెలుసు. మరి అతన్ని అదుపులో పెట్టేదెవరంటే, ఇదిగో ఈ అరుగే. ఎక్కడైనా చేయి బరువుగా వేశాడో, వీధి దాటేలోపు అతని తాతల దగ్గర్నుంచి లెక్క తీసేవారు ఆడవాళ్ళు. అంతకు మించిన అప్పీలు అప్పట్లో అక్కర్లేదు. తర్వాత ఊరు పట్నంలో కలిసింది. మన తరఫున మాట్లాడేవాణ్ణి మనం ఓటేసి ఎన్నుకుంటాం. మన గోడలు కొలిచేవాడు మాత్రం బదిలీ మీద వస్తాడు. మనం అతన్ని కోరుకోము, అతను మనల్ని అసలే కోరుకోడు. మూట విప్పేలోపే మళ్ళీ బదిలీ. అందరినీ కొలిచే మనిషిని కొలవడానికి ఊరి దగ్గర టేపు లేకుండా పోయింది.

అలా డోన్ వైపు నుంచి వచ్చినాయన ఒకరోజు ఇల్లు కొలిచి, అరుగు దగ్గర ఆగి, అక్కడే కూర్చున్న నాతో, "ఇది దేనికి వాడతారు సార్?" అన్నాడు. రిటైరైనవాణ్ణి సార్ అంటే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. మాట పొంగింది.

"అది మా అత్త అంగడప్పా! పొద్దుగూకితే శానా బేరం."

"ఏమమ్ముతారు?"

"మాటలు! టోకుగానూ, చిల్లరగానూ."

ఆయన నవ్వలేదు. రాసుకున్నాడు. చమత్కారం నచ్చి రాసుకుంటున్నాడనుకున్నాను, చూడండి నా తెలివి!

కొత్త పన్ను అంగడి లెక్కన వచ్చింది. వెనక గది బాడుగ తప్ప అత్తకు వేరే ఆదరువు లేదు. ఆ బాడుగలో పెద్ద ముక్కను పన్ను కొరుక్కుపోయింది. "వాడెవడో అడిగితే అరుగు అని చెప్పలేకపోయినావా? నీ నోట్లో పండ్లు రాల!" అంది అత్త. అప్పటికే సగం రాలాయని గుర్తుచేసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆఫీసుకు పోయాను. రాసినాయన అప్పటికే కోయిలకుంట్లకు బదిలీ. కొత్తాయన, "రాసిన ఆయప్పే వచ్చి కొట్టేయల్ల సార్" అన్నాడు. బస్సెక్కి కోయిలకుంట్లకు పోతే, "ఈడ కూర్చోని ఆడిది కొట్టేసేకి నాకు పవరు లేదు సార్" అన్నాడు పాతాయన. తిరిగొచ్చేసరికి కొత్తాయన స్థానంలో ఇంకో కొత్తాయన. మా ఇంట్లో ఆ మాటకు అర్థం వేరు, అది శ్లేష అని, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఓపికగా విన్నాడు. "అర్థమైంది సార్. అయితే శ్లేషకు కాలమ్ లేదు. ఇల్లా, అంగడా, అంతే." రాయడానికి ఒక్కడు చాలు, కొట్టేయడానికి ఊళ్ళు చాలవని ఆ తిరుగుడులోనే తెలిసింది.

అత్త నన్ను తిట్టడం మానేసింది. దానికే నాకు భయం వేసింది. ఒకరోజు నిదానంగా, "అరుగు పగలగొట్టిచ్చు. అరుగే లేకపోతే అంగడి యాడుంటాది?" అంది. బేల్దారి గడ్డపార తీసుకుని వచ్చాడు. "అక్కా, నేనింక యాడ కూర్చోవల్ల?" అని ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త ఆమె వైపు చూడలేదు. సరిగ్గా అప్పుడే వీధిలోకి స్కూటరొచ్చి ఆగింది. దిగినాయన అంగడి రాసినాయనే! మళ్ళీ మా వైపుకే బదిలీ అయ్యాడట. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"పగలగొట్టినా ఏం లాభం లేదమ్మా. అరుగు పోతాది గానీ అంగడి పోదు. కంప్యూటర్లో ఎక్కిపోయింది."

"నువ్వే ఎక్కిస్తివి, నువ్వే దింపు."

"ఎక్కించేది మా చేతిలో ఉండాది. దింపేది పైన."

అత్త కాసేపు ఆయన్ని, గడ్డపారను మార్చి మార్చి చూసింది. "బండలు పోయినా పన్ను పోదంటే, నా బండలు నేనెందుకు పోగొట్టుకోవల్ల? నువ్వు పోప్పా" అని బేల్దారిని పంపేసింది. నా తిరుగుడు కాపాడలేని అరుగును ఆయన చేతకానితనం కాపాడింది.

ఖాలా వెంటనే పోయి అరుగు మీద కూర్చుంది, మళ్ళీ ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనన్నట్టు. ఆయనా ఓ మూల చతికిలబడి, చెమట తుడుచుకుంటూ, "మజ్జిగేమన్నా ఉంటే ఇస్తావామ్మా?" అన్నాడు. అత్త గుణం అత్తది. లోపలికి పోయి చెంబు నిండా తెచ్చింది. కరివేపాకు తేలుతోంది. ఆయన చేయి చాచాడు. చెంబు నేనందుకున్నాను.

"దుడ్లిచ్చి తాగప్పా. అంగడి గదా."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, ఆ విద్య ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన నవ్వు మెల్లగా ఆరిపోయింది. జేబు తడిమి ఒక బిళ్ళ బండ మీద పెట్టాడు. గటగటా తాగి, మూతి తుడుచుకుని, అలవాటు కొద్దీ "చిల్లర?" అన్నాడు.

"చిల్లరకు కాలమ్ లేదప్పా."

ఖాలా గాజులు గలగలలాడేలా నవ్వింది. అత్త మాత్రం, "దప్పికన్నోనికి మజ్జిగ అమ్ముతావా, సిగ్గులేనోడా" అని పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. నీళ్ళు కుమ్మరించి కూర్చున్నాక, ఉన్నట్టుండి ఆమెకూ నవ్వొచ్చింది. పోయేదాకా అంగడి పన్నే కట్టింది. మా అంగడిలో జరిగిన బేరం అదొక్కటే.

ఆ సంగతంతా చెప్పి, మొన్నటి అమ్మాయికి మజ్జిగ ఊరికే ఇచ్చాను. మార్చమని పైకి రాస్తానంది, పాపం. రాయనీ. ఆ బండలకు అరుగు అని పేరు పెట్టినవాడెవడో నాకంటే పెద్ద చమత్కారి; ఇన్నేళ్ళలో అవి కొంచెమైనా అరగలేదు, వాటి మీద కూర్చున్న మేమే అరుగుతూ వచ్చాం.