గొంతు యాడిదాకా పోతుందో

మా అన్న హిందూపురంలో కంటి డాక్టరు. యాభై దాటాక విమానం నడపడం నేర్చుకున్నాడు. ఇంకో ఇద్దరితో కలిసి పాత రెండు సీట్ల విమానం ఒకటి కొని, కర్ణాటక సరిహద్దు దాటాక ఉన్న ఒక ప్రైవేటు రన్‌వే దగ్గర షెడ్డులో పెట్టుకున్నాడు. నేను ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడుపుతాను. తీరిక దొరికిన ఆదివారం అన్న పక్కన ఎక్కి కూర్చునేదాన్ని. భయం మొదటిసారే పోయింది. ప్రశ్నలు మాత్రం పోలేదు.

విమానంలో బిగించిన రేడియో చెడిపోతే కిందివాళ్లతో మాట్లాడటానికని అన్న సంచిలో ఒక చేతి రేడియో పెట్టుకునేవాడు. ఒకరోజు పైనున్నప్పుడు దాన్ని తీసి ఆన్ చేయమన్నాను. గరగర తప్ప ఏమీ రాలేదు.

"కింద బాగనే పలికింది గదన్నా. పైకొస్తే దీనికేమైంది?"

"ఏమో మే. గాల్లో ఎప్పుడూ పెట్టి చూల్లేదు."

ఆపదకు పనికొస్తుందని ఇన్నాళ్లూ మోస్తున్న వస్తువును ఒక్కసారీ పరీక్షించకపోవడం నాకు వింతగా అనిపించింది.

దిగగానే ఇంజనీరమ్మను అడిగాను. ఆమెది రొద్దం. ఆ షెడ్డులోని విమానాల ఇంజన్లూ వైర్లూ చూసేది ఆమే. ఎన్నో విమానాలు విప్పి బిగించింది గానీ ఎందులోనూ ఎక్కి ఎగరలేదు.

"మీరు కూర్చునేది రేకు డబ్బాలో గదక్కా. ఈ రేడియో యాంటెన్నా కూడా మీతోపాటు లోపల్నే ఉండాది. కిటికీల్లోంచి ఎంత దూరితే అంతే."

"విమానం వీపు మీద ఒకటి నిలబడి ఉండాది గదా. దానికి తగిలిస్తే?"

"తగిలించొచ్చు. కానీ ఒక యాంటెన్నాకు రెండు రేడియోలు ఒకేసారి తగిలించకూడదు. ఒకటి మాట్లాడితే రెండోది కాలిపోతాది."

కొన్ని వారాలకు, అనుమతులు తెచ్చుకుని, ఆమె డ్యాష్‌బోర్డు కింద చిన్న పెట్టె బిగించింది. చేతి రేడియో వైరు అందులో గుచ్చితే పెద్ద రేడియో దానంతటదే తప్పుకుని, బయటి యాంటెన్నా చిన్నదానికి దక్కుతుంది. ఇక పరీక్ష. ఆమె ఇంకో చేతి రేడియోతో షెడ్డు మెట్ల మీద కూర్చుంది. మేం పైకి లేచాం.

ముందు వైరు గుచ్చకుండా, రేడియోకున్న పొట్టి యాంటెన్నాతోనే విన్నాం. "అక్కా, వినపడతాండానా?" అని ఆమె అడిగే మాట హిందూపురం ఇళ్లు కనిపించేసరికి ముక్కలైపోయింది. పరిగి దాటాక అదీ లేదు. అప్పుడు వైరు గుచ్చాను. చెవుల్లోని గరగర ఒక్కసారిగా అణిగి, ఆమె దగ్గడం కూడా వినిపించింది. అన్న నా వైపు తిరిగి కనుబొమలెగరేశాడు.

"ఇప్పుడు యాడుండారక్కా?"

"పెనుకొండ కొండ కుడిపక్క ఉండాది."

"అట్లయితే ఎడమపక్క చూడు. మా రొద్దం కనపడతాండాదా? చర్చి ఎదురుగానే మా మిద్దె. పైన నీళ్ల ట్యాంకు ఉంటాది, నల్లది."

పెన్న ఇసుక, మల్బరీ తోటల పచ్చటి గళ్లు, వాటి పక్కన ఊరు. ఎటు చూసినా నల్ల ట్యాంకులే.

"శానా ఉండాయమ్మా. యాదని చెప్పేది?"

"ఊరు ఎంత ఉండాది?"

"అరచెయ్యంత."

"అంతేనా!" అని ఆమె గొంతు వినిపించింది.

ధర్మవరం దగ్గర మా వీధి చూపిద్దామని అన్న విమానాన్ని కొంచెం కిందికి దింపాడు. ఆమె గొంతు మాయమైంది. మళ్లీ పైకెత్తితే తిరిగొచ్చింది. దూరం అంతే, మారింది ఎత్తు. మధ్యలో కొండలు అడ్డం లేకపోతే చాలన్నమాట! ఆ ముచ్చట తీరక అన్నతో విమానాన్ని ఇంకో రెండుసార్లు ఎక్కించి దింపించాను.

దిగాక ఆమె, మాట యాడ తెగింది, యాడ కలిసిందని అన్నీ అడిగి తెలుసుకుంది. "ఈసారి నేను పోతా సార్. అక్క ఈడ కూర్చుంటాది," అంది. అన్న సరేనన్నాడు.

తర్వాతి ఆదివారం రేడియో పట్టుకుని మెట్ల మీద నేను కూర్చున్నాను. చాలాసేపటికి "రొద్దం వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చిందక్కా, సార్ సరిగ్గా ఊరి మీదికే తెచ్చినాడు. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పింటి. మిద్దె మీద ఎర్ర దుప్పటి పరిచింది. ఇద్దరూ పక్కనే నిలబడుకోనుండారు, అమ్మా అవ్వా." వెంటనే, "నేను మాట్లాడేటప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడొస్తాండాదా నీకు?" అంది.

చెవికి ఆనించి విన్నాను. వెనకాల సన్నగా వస్తోంది.

"వస్తాండాది. ఏమది?"

"ఇంజన్‌ది. స్పార్కు వైరు యాదో సరిగా లేదు. దిగినాక చూడల్ల."

విమానం ఆగి, ఇంజన్ చల్లబడగానే ఆమె దాని మూత తీసింది. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను. ఒక్కో వైరునూ వేళ్లతో తడుముతూ ఎర్ర దుప్పటి గురించి చెబుతూనే ఉంది. ఒకచోట చెయ్యి ఆగింది. "ఇదిగో, ఇదీ సంగతి," అని వైరుకున్న పగులు చూపించింది.