పొట్టు సోఫా

మా ఇంటి సోఫాను పాడు చేసింది ఫలానా వాళ్ళని చెప్పలేను. ఇంట్లో అందరమూ తలా ఒక చెయ్యి వేసినాం.

తొంభైల చివర్లో ఒక ఏడు శెనక్కాయలు బాగా పండినాయి. తనకల్లు దగ్గర మా పల్లెలో అట్లాంటి పంట మళ్ళీ చూడలేదు. ఆ ఏడు మా నాయన ఎద్దులు కొందామని కదిరికి పోయి, ఎద్దులు నచ్చక, సోఫా తెచ్చినాడు. ముగ్గురు కూచునేది. టేకు చేతులు, లోపల స్ప్రింగులు, పైన మెరూన్ రంగు మెత్తటి గుడ్డ. మా జేజి, అంటే మా నాయన తల్లి, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి చూసి, "ఎద్దుల కోసమని పోయి దీన్ని తోలుకొచ్చినావా? ఇది మడక లాగుతాదా?" అని అడిగింది.

మా అమ్మకు మాత్రం ఆ సోఫా ప్రాణం. చేని నుంచి వచ్చినోళ్ళు కాళ్ళు కడుక్కుంటే గానీ దాని పక్కకు కూడా రానిచ్చేది కాదు. ఆ కట్టుబాటు ఒక ఏడు నడిచింది. తర్వాత ఇంట్లోకి టీవీ వచ్చింది, టీవీ వెంబడి వీధిలో పిల్లోళ్ళంతా వచ్చినారు. వాళ్ళు సోఫా మీద కూచున్నదాని కంటే ఎగిరిందే ఎక్కువ. ఆ పైన ఒకసారి ఉన్నట్టుండి వాన పట్టుకుంటే, విత్తనం కాయల మూటలు తడుస్తాయని నాయన వాటిని తెచ్చి సోఫా మీదే పేర్చినాడు. మూటలు దిగేసరికి నడుమ గుంత పడింది. ఆ గుంతలో కూచున్నోళ్ళు తమంతట తాము లేవలేరు, ఎవరో ఒకరు చెయ్యి ఇచ్చి లాగాల. ఎడమ పక్క ఒక స్ప్రింగు గుడ్డ చించుకోని తల బయటికి పెట్టింది. జేజి దానికి తన వక్కాకు సంచి తగిలించేది. కుడి పక్క ఒక్కటే బాగుండేది. అది నాయనది.

మా పల్లెలో అంతకంటే మంచి సోఫా ఇంకొకటి లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. అట్లనే గడిచిపోయేది, బెంగళూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చెయ్యకుండా ఉంటే.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. బెంగళూరులో ఉంటారు. పెద్దనాయనకు ఆడ ఆఫీసు ఉద్యోగం. అప్పుడు నేను కదిరిలో ఇంటర్ చదువుతాండా. ఫోన్ పక్కనే కూచోని ఉన్నందువల్ల రెండు పక్కల మాటలూ నా చెవిన పడినాయి.

"ఏమే, మేము కొత్త సోఫా సెట్టు తీసుకుంటిమి. పాతది ఊరికే పడుండాది. ఎవరికో ఇచ్చేదానికంటే నీకు పంపిస్తా. ఆ పక్క లారీ ఏదైనా వస్తాంటే చెప్పు."

అమ్మ మొహం ఎర్రబడింది. "మాకెందుకక్కా? మేమూ కొత్తది చేపిస్తాండాం."

"అవునా! యాడ?"

"ఈడే. కదిరిలో."

"అట్లయితే చూసేకి వస్తాం. వచ్చే నెల మీ బావకు లీవు ఉండాది."

ఫోన్ పెట్టేసి అమ్మ సోఫా వైపు చూసింది. స్ప్రింగుకు జేజి సంచి ఊగుతాండాది.

సాయంత్రం నాయనకు సంగతి చెప్పింది. ఆ ఏడు వాన మొహం చూపియ్యలేదు. విత్తినది విత్తినట్టే భూమిలో మాడిపోయింది. నాయన తలకాయ పట్టుకున్నాడు. "సోఫాకు దుడ్లు యాడుండాయే? పంటే లేకపాయె."

"నువ్వు చేపియ్యకపోతే నేను ఇల్లు ఇడిసిపెట్టి పోతా."

"యాడికి పోతావు?"

"మా అక్క ఇంటికి," అనేసి అమ్మ నాలుక కరుచుకునింది.

నాయన నవ్వలేదు. నవ్వితే ఏమవుతాదో ఆయనకు తెలుసు. రెండు రోజులు సోఫా చుట్టూ తిరిగి, కొట్టి, వంగి చూసి, ఒక ఉపాయం కనిపెట్టినాడు. స్ప్రింగులన్నీ పీకేసి, అటక మీదున్న పాత మంచం నవారు విప్పి, దాన్ని సోఫా చట్రానికి అల్లినాడు. అల్లిక బాగానే కుదిరింది. దాని మీద మెత్త వెయ్యాల. స్పాంజి అయినా కొబ్బరి పీచు అయినా కొనాల్సిందే. నాయన శెనక్కాయలు వలిచే మిషన్ కాడికి పోయి, పోయిన ఏటి నుంచి గోడ పక్కన కుప్ప పడున్న పొట్టు నాలుగు గోనె సంచులకు నింపుకోని వచ్చినాడు. అడిగితే మిషన్ ఆయన, "తీసకపో అన్నా, మాకు జాగా మిగుల్తాది" అన్నాడంట.

"ఇది మన నేల పంట. పురుగు పట్టదు, చెడిపోదు," అని నాయన మాకందరికీ చెప్పినాడు.

జేజి సంచిలో చెయ్యి పెట్టి చూసింది. "గొడ్లకు మేత లేక అల్లాడతాంటే నువ్వు సోఫాకు మేత పెడతాండావా?"

"ఇది గొడ్లు తినవు లేమ్మా."

"గొడ్లు కూడా తిననిదాని మీద మనుషులు కూచోవల్లనా?"

కదిరి పోయే ట్రాక్టర్ ఒకటి దొరికితే, పైన గుడ్డ కుట్టించేకి నాయన సోఫానూ పొట్టు సంచులనూ దాని ట్రాలీలో ఎక్కించి బయలుదేరినాడు. నన్ను కాలేజీ కాడ దింపుతానన్నాడు. ట్రాలీలో కూచునేకి వేరే జాగా లేదు. నాయనా నేనూ ఆ నవారు సోఫా మీదే కూచున్నాం. దారి పొడుగునా జనం నిలబడి చూసినారు. ఒక ముసలాయన దండం పెట్టినాడు. కాలేజీ గేటు ముందర ట్రాక్టర్ ఆగేసరికి మా క్లాసు ఆడపిల్లోళ్ళంతా ఆడే ఉన్నారు. నాయన సోఫా మీద కాలు మీద కాలేసుకోని, "జాగ్రత్తగా దిగు మా" అని గట్టిగా అరిచినాడు. ఆ ఏడంతా కాలేజీలో నన్ను మహారాణి అనే పిలిచినారు.

కదిరిలో సీట్లు కుట్టే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆటోలకూ జీపులకూ సీట్లు కుట్టడం ఆయన పని. సోఫా కుట్టడం అదే మొదటిసారంట, కానీ ఆ మాట ఆయన మాకు ముందుగా చెప్పలేదు. అమ్మ మెరూన్ రంగు తెమ్మనింది. ఆయన దగ్గర జీపుకు కుట్టగా మిగిలిన నల్ల రెక్సిన్ ఉండాది, అంచుకు ఎర్ర పట్టీ ఉండాది. "నల్లదైతే మాసేది లేదు అన్నా, తుడిస్తే పోతాది," అన్నాడు. మిగిలిన ముక్క కాబట్టి ధర కూడా తగ్గించినాడు. తగ్గించినాడన్న మాట వినంగానే మా నాయనకు నలుపు నచ్చింది.

సాయంత్రం కాలేజీ ఇడిసినాక నేను ఆయన అంగడికి పోయేసరికి సోఫా తయారుగా ఉండాది. నాయన కూచోని చూస్తాండాడు.

"వెనక్కి వాలినట్టుండాదే?" అని అడిగినాడు.

"అట్లనే ఉండాల అన్నా. సడన్ బ్రేకు కొట్టినా ముందుకు జారరు."

"సోఫాకు బ్రేకేంది సాయిబూ?"

ఆయన ఒక గడియ ఆలోచించినాడు. "అలవాటు అన్నా," అన్నాడు. "పైగా ముగ్గురిది కదా, నేను చేసినాక ఐదు మంది పడతారు చూడు."

ఇంటికి తెచ్చి దింపితే అమ్మ దాన్ని ముందూ వెనకా చూసింది. "ఆటో ముందర సగం యాడనో పోయి, వెనక సగం ఒకటే మన ఇంటికి వచ్చినట్టుండాది," అన్నాది. మెల్లగా కూచునింది. కరకర కరకరమని చప్పుడు. ఎండుటాకుల మీద గొర్రెల మంద పోయినట్టు. అమ్మ లేచింది. మళ్ళీ కరకర. నాయన, "కొత్త కదా, నాలుగు దినాలు కూచుంటే అణిగిపోతాది" అన్నాడు. నాలుగు దినాలు మేమంతా వంతులేసుకోని కూచున్నాం. చప్పుడు ఇంకా ముదిరింది.

అమ్మ తన పెండ్లి నాటి పూల దుప్పటి తీసి దాని మీద పరిచింది. ఇంక చేసేది లేదు, ఆ రోజు రానే వచ్చింది. పెద్దమ్మ, పెద్దనాయన బెంగళూరు బస్సులో తనకల్లులో దిగి, ఆటో పట్టుకోని వచ్చినారు. అమ్మ అంతకు ముందే జేజికి గట్టిగా చెప్పి పెట్టింది, "అత్తా, నీకు పుణ్యముంటాది, సోఫా మాట ఎత్తొద్దు" అని. జేజి సరేననింది.

పెద్దనాయన భారీ మనిషి. ఇస్త్రీ ప్యాంటు వేసుకోని వచ్చి, ఉస్సురంటూ సోఫాలో కూలబడినాడు. కరకరకరమనింది. ఆయన అదిరిపడి, వెంటనే జేబు తడుముకున్నాడు. కండ్లద్దాలు విరిగినాయని అనుకున్నాడు పాపం. అద్దాలు బాగానే ఉన్నాయి. ఈసారి మెల్లగా వెనక్కి ఆనుకున్నాడు. మెల్లగా ఆనుకుంటే చప్పుడు మెల్లగా, ఇంకా ఎక్కువసేపు వస్తాది.

"ఏమే ఇది, మాట్లాడతాండాది?" అని పెద్దమ్మ అడిగింది.

"కొత్త రకమక్కా," అన్నాది అమ్మ.

"బెంగళూరులో యాడా చూడలేదే!"

"ముందు ఈడ వచ్చింది."

నాయన పైకప్పు వైపు చూస్తా కూచున్నాడు. కాఫీ వచ్చింది. అందరూ తాగినారు. పెద్దనాయన గ్లాసు ఎత్తినప్పుడొకసారి, దించినప్పుడొకసారి సోఫా కరకరమనింది. జేజి పెదాలు బిగబట్టుకోని, వక్కాకు నములుతా, ఇచ్చిన మాట నిలబెట్టుకునేకి చాలా కష్టపడింది.

మిషన్ ఎంత మంచిదైనా పొట్టులో అక్కడొక పలుకు ఇక్కడొక పలుకు మిగిలిపోతాది. మాకు ఆ ఆలోచన రాలేదు. ఎలుకకు వచ్చింది. దుప్పటి కింద ఏదో కదిలినట్టయింది. చూస్తాండగానే ఒక చిన్న ఎలుక బయటికి వచ్చి, పెద్దనాయన ఇస్త్రీ ప్యాంటు మీదుగా ఈ తొడ నుంచి ఆ తొడకు నడిచింది. ఆయన లేవబోయినాడు. వెనక్కి వాలిన సీటు ఆయన్ని లేవనియ్యలేదు. రెండు కాళ్ళూ గాల్లోకి ఎత్తి, "ఎలుక! ఎలుక!" అని ఆయన అరుస్తాంటే, కింద సోఫా కరకరకర మోగుతాండాది. నాయన ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకోని లాగినాం.

జేజి ఇంక ఆగలేకపోయింది. "భయపడొద్దు నాయనా. అది నీ కోసం రాలేదు, దాని తిండి కోసం వచ్చింది. లోపలంతా శెనక్కాయ పొట్టే కదా!"

అమ్మ ఖాళీ గ్లాసులు తీసుకోని వంటింట్లోకి పోయింది. పెద్దమ్మ వెనకాలే పోయింది. వాళ్ళ వెనక నేను పోయి వాకిలి కాడ నిలబడినా.

అమ్మ కండ్లు తుడుచుకుంటా ఉండాది. "నీ పాత లంగాలు కట్టుకోనే పెరిగితిని. నీ పాత పుస్తకాలే చదివితిని. నా పెండ్లికి కూడా నీ వడ్డాణమే పెట్టిరి. సోఫా కూడా నీ పాతదేనా అనిపించిందక్కా. అందుకే అట్లా అనేసినా."

పెద్దమ్మ, "ఇన్నేండ్లూ నాకు ఒక్క మాట చెప్పలేదే," అన్నాది. కొంచెం ఆగి, "నా కొత్త సోఫా సంగతి వినుకో. అంగడోళ్ళు చుట్టి పంపిన ప్లాస్టిక్ కాగితం ఇంకా దాని మీదే ఉండాది. తీస్తే మాసిపోతాదని మీ బావ తియ్యనీడు. కూచుంటే వీపంతా చెమట, లేస్తే చీర అంటుకోని వస్తాది. మేమిద్దరమూ కింద చాప మీద కూచోని ఆ సోఫాను చూస్తాం."

అమ్మ కొంగు మొహం మీద నుంచి తీసింది. "నిజంగా?"

"నీ మీద ఒట్టు."

ముందు అమ్మ నవ్విందో పెద్దమ్మ నవ్విందో తెలీదు. నవ్వి నవ్వి ఇద్దరూ బియ్యం డబ్బా పట్టుకోని కింద కూలబడినారు. ఇవతల పెద్దనాయన నాయనతో గుసగుసగా, "ఏమప్పా, ఏడస్తాండారా నవ్వుతాండారా?" అని అడగడం వినపడింది.

మరుసటి పొద్దున సోఫా కుట్లు విప్పి పొట్టంతా వాకిట్లో పోసినాం. ఎలుక తన సంసారంతో సహా పక్కింటికి పోయింది. పొట్టు ఊరికే పోవడం ఎందుకని జేజి దాన్ని నీళ్ళు కాచే పొయ్యిలో వేసింది. భగ్గున మండింది. పెద్దనాయన ఆ వేడినీళ్ళతో స్నానం చేసి వచ్చి, సోఫా ఎట్లున్నా నీళ్ళు మాత్రం బాగున్నాయన్నాడు.

తర్వాత పెద్దమ్మ జేజిని పాత చీరలు అడిగింది. జేజి పెట్టె తెరిచింది. అక్కాచెల్లెండ్లిద్దరూ వసారాలో కూచోని, చీరలు మడత మీద మడత పేర్చి, బొంతలు కుట్టినట్టు మెత్తలు కుట్టినారు. కుట్టినంతసేపూ కొట్లాడినారు. నీ కుట్టు దూరమని ఒకరు, నీ చెయ్యి వంకరని ఒకరు. నేను సూదులకు దారం ఎక్కించి ఇస్తా, మా అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పటి మాటలు మొదటిసారి విన్నా. చీరలు చాలక పెద్దమ్మ తను తెచ్చుకున్న వాటిలో ఒకటి మడిచి లోపల పెట్టబోతే, అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది పాతది కాదు కదక్కా!" "కాదు. అందుకే పెడతాండా," అన్నాది పెద్దమ్మ.

మెత్తలు మూడూ మూడు ఎత్తుల్లో వచ్చినాయి. ఒకటి పచ్చ, ఒకటి నీలం, ఒకటి ఏ రంగో చెప్పలేము. నల్ల రెక్సిన్ వీపుకు మాత్రమే మిగిలింది. కూచుంటే చప్పుడు లేదు. పెద్దనాయన అనుమానంగా ఒక చివర కూచోని చూసి, కాళ్ళు చాపి, అన్నానికి లేపేవరకూ గురక పెట్టినాడు.

ఆ మరుసటి ఎండాకాలం అమ్మ నన్ను తీసుకోని మొదటిసారి బెంగళూరు పోయింది. పెద్దమ్మ ఇంట్లో సోఫా సెట్టు, చెప్పినట్టే, ప్లాస్టిక్‌లో చుట్టి మెరుస్తాండాది. పెద్దనాయన ఆఫీసుకు పోంగానే అమ్మ కత్తెర అడిగింది. పెద్దమ్మ ముందు వద్దనింది, తర్వాత తనే ఒక కొస పట్టుకునింది. చించిన ప్లాస్టిక్ ఒక పెద్ద మూటయింది.

సాయంత్రం పెద్దనాయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయినాడు. మేము ముగ్గురమూ సోఫా మీద కాళ్ళు ముడుచుకోని బొరుగులు తింటాండాం. ఆయన సోఫాను చూసినాడు, మమ్మల్ని చూసినాడు, అమ్మను ఇంకొంచెం ఎక్కువసేపు చూసినాడు. చెప్పులు ఇడిసి వచ్చి, ఆ సెట్టులోదే ఒకరు కూచునే చిన్న సోఫాలో జాగ్రత్తగా కూచున్నాడు. గుడ్డ మీద అరచేత్తో ఒకసారి నిమిరినాడు.

"మెత్తగుండాదే!" అన్నాడు. తర్వాత బొరుగుల గిన్నె కోసం చెయ్యి చాపినాడు.