కాచి చల్లార్చి తాగవలెను

నేను రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, ఒక ఏప్రిల్ నెలలో, చిత్తూరులో నీటి పరీక్షలు చేసే ఒక ప్రయోగశాలకు సీనియర్ అనలిస్టుగా బదిలీ అయి వచ్చాను. అప్పటికి ఈ పనిలో ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. నాకు పైన ఒక అధికారి, కింద ఇద్దరు టెక్నీషియన్లు. ఊళ్లనుంచి వచ్చే కొళాయి నీళ్లు పరీక్షించి, ఫలితం రాసి, ముద్ర వేసి పంపడం మా పని. ఇందులో భయపడేదేముందని బంధువులు నవ్వేవాళ్లు. ఏముందో చెబుతాను.

ప్రతి చోటనుంచీ మాకు రెండు సీసాలు వస్తాయి. చిన్నది క్రిముల పరీక్షకు. దాన్ని మేమే శుద్ధిచేసి పంపిస్తాం. పెద్దది రెండు లీటర్ల డబ్బా. నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడు, నైట్రేటు లాంటివి చూడడానికి. చిన్న సీసా సంగతి రెండు రోజుల్లో తేలుతుంది. పెద్దది వరుసలో ఉండాలి, వేసవిలో వారం దాటినా దాటుతుంది. క్రిములు కనిపిస్తే పెద్దసీసా కోసం ఆగకుండా ముందే కబురు పంపాలని రూలు. మంచి రూలే. అందుకోసం నా బల్లమీద ఒక రబ్బరు ముద్ర ఉండేది: ‘కాచి చల్లార్చి తాగవలెను’. అలాంటిది నా సర్వీసంతటిలో ఎన్ని వందల కాగితాలమీద కొట్టానో నాకే తెలియదు. ఒక చేత్తో టీ తాగుతూ కూడా కొట్టేదాన్ని.

నేను చేరిన నెలలోనే నగరి వైపు ఒక నేతపని ఊరినుంచి సీసాలు వచ్చాయి. కొళాయి నీళ్లు వాసన వస్తున్నాయని ఫిర్యాదు. ఫారం ఇచ్చినామె పేరు పొన్నమ్మ. ఇంట్లో ఎవరెవరు ఆ నీళ్లు వాడతారన్న గడిలో, ‘రెండు నెలల బిడ్డ, పోతపాలు’ అని ఎవరో వంకరగా రాశారు. అది చదివాను. చదివే ముద్ర కొట్టాను, ఎందుకంటే చిన్న సీసాలో క్రిములు తేలాయి.

కాగితం అందిన రోజు పొన్నమ్మ ఫోను చేసింది. కూతురు భువన పురిటికి వచ్చిందనీ, జ్వరంపడి లేచాక పాలు లేకుండా పోయాయనీ, బిడ్డకు డబ్బాపాలు కలిపి పడుతున్నామనీ చెప్పింది. ఇంట్లో క్యాండిల్ ఫిల్టరు ఉంది, ఆ నీళ్లు బిడ్డకు సాలవా మేడం అని అడిగింది. చాలవు, కాచాలి, బాగా కాచండి అన్నాను. ‘బాగా’ అన్న మాట ముద్రలో లేదు. అది నేను వేసింది.

ఆ ఫోను వచ్చిన అయిదో రోజు ఆ ఊరి పెద్దసీసా వంతు వచ్చింది. నైట్రేటుకు మేము చేసే పరీక్షలో నీళ్లకు పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే నైట్రేటు అంత ఎక్కువ. లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు హద్దు. ఆ గొట్టంలో రంగు చూడగానే టెక్నీషియను నావైపు తిరిగాడు. పొరపాటేమోనని నమూనాను పలచనచేసి నేనే మళ్లీ చేశాను. హద్దుకు రెండింతలు దాటింది.

నైట్రేటు పెద్దవాళ్లను వెంటనే ఏమీ చేయదు. నెలల బిడ్డల్లో మాత్రం నెత్తురు ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది, ఒళ్లు నీలం తిరుగుతుంది. కాస్తే క్రిమి చస్తుంది గాని నైట్రేటు ఎక్కడికీ పోదు. నీళ్లు ఆవిరైపోయి, అది గిన్నెలోనే మిగులుతుంది. ఎంత బాగా కాస్తే మిగిలిన నీళ్లలో అంత చిక్కబడుతుంది. ఈ సంగతి నేను కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేదాన్ని. ఆ ఊరి ఫారం వెతికి తీశాను.

ఫారంలో ఉన్న నంబరుకు ఫోను చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆరుసార్లు చేశాను. పగలంతా మరమగ్గాలు ఆడే ఇంట్లో ఫోను మోగితే వినపడదని ఆ క్షణంలో నాకు తట్టలేదు; బిడ్డకేదో అయిపోయింది, అందుకే ఎత్తడంలేదు అనుకున్నాను. పంచాయతీ కార్యదర్శికి చేస్తే మీటింగులో ఉన్నాడన్నారు. మా అధికారి సవరించిన రిపోర్టు పంపి ఊరుకోమన్నాడు. కాగితం వెళ్లేలోపు ఆ బిడ్డకు ఎన్ని సీసాలు పడతారో మీరు లెక్కపెడతారా అని అడిగాను. ఆ మాట నేను అనకూడని గొంతుతోనే అన్నాను. ఆయన జీపు తాళాలు బల్లమీద పెట్టాడు.

డ్రైవరు మునిరత్నం మామూలుగా మాటకారి. ఆ రోజు నా మొహం చూసి జీపు వేగం పెంచాడు. పుత్తూరు దాటేదాకా నేను చేసిందల్లా ఒకటే, రోజుకు బిడ్డ తాగే సీసాలను అయిదు రోజులతో హెచ్చవేయడం. ప్రతిసారీ లెక్క తప్పేది, మళ్లీ మొదలుపెట్టేదాన్ని.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో దండేలమీద నీలంరంగు నూలు చిలపలు, అంటే దారపు కట్టలు, ఆరుతున్నాయి. ఆ వారం వాళ్లు నీలం అద్దుతున్నారు. లోపల మగ్గాల మోతలో పొన్నమ్మ నా మాట వినలేక చెయ్యిపట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. గోడకు మేకుతో మా కాగితం కొట్టి ఉంది, నా ముద్ర పైకి కనపడేటట్టు. పొయ్యిమీద గిన్నె. ఎంతసేపు కాస్తున్నారని అడిగాను.

“మీరు సెప్పినట్టే బాగా కాంచినాను మేడం. కషాయం మాదిరి సగానికి సగం ఇంకిపోవాల, అప్పుడు దించేది. బిడ్డకి కదా,” అంది. మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూసింది.

నేను పొయ్యి ఆర్పేశాను. బిడ్డ ఎక్కడ అన్నాను.

భువన ఒళ్లో ఉంది, ఆడపిల్ల. కళ్లు సగం మూసుకుని, ఊపిరి మాత్రం త్వరత్వరగా తీస్తోంది. చేతివేళ్లు విప్పి చూశాను. గోళ్లు నీలంగా ఉన్నాయి. మూడు దినాల నుంచీ పాలు సరిగా తాగడంలేదని భువన చెప్పింది. గోళ్ల సంగతి అడిగితే తన రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా నీలమే.

“నా సేతిరంగు అంటుకొనుంటాది మేడం. ఎత్తుకుంటే అంటుతుంది కదా. మాయింట్లో అందరికీ ఇట్లానే ఉండాది,” అంది.

సబ్బు తెమ్మన్నాను. నేనే బిడ్డ వేళ్లు రుద్దాను, తడిగుడ్డతో తుడిచాను. నురగ తెల్లగానే ఉంది. గోళ్లు అట్లాగే ఉన్నాయి. తర్వాత పెదవి కొంచెం కిందికి లాగి చూశాను, అక్కడా నీలమే. పెదవి లోపలికి అద్దకం రంగు పోదు. భువన నా చేతివైపు చూసింది, బిడ్డ నోటివైపు చూసింది. బిడ్డను గుండెలకు అదుముకుని లేచింది.

తిరుపతి పెద్దాసుపత్రికి బయల్దేరాం; దారంతా జీపులో ఆ పెదవులమీదనుంచి నేను కళ్లు తిప్పలేదు. నా జీవితంలో అంత భయం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. ఆసుపత్రిలో నేను డాక్టరుకు మొదట చెప్పింది నైట్రేటు అంకె. ఆయన సూదితో నెత్తురు తీసి తెల్లకాగితంమీద ఒక చుక్క వేశాడు. ఎర్రగా లేదు, కాఫీ డికాక్షన్ మాదిరి ఉంది. ఈ జబ్బుకు విరుగుడు మిథిలీన్ బ్లూ అనే మందు. పేరుకు తగ్గట్టు అది ముదురు నీలం. ఆ సిరంజిని చూసి పొన్నమ్మ డాక్టరుకు అడ్డం నిలబడింది. ఉన్న నీలం సాలదా సామీ, ఇంకా ఎక్కిస్తావా అంది. ఆమెను పక్కకు తీసుకుపోయి అదే మందని నచ్చజెప్పాను.

గంటలోపల గోళ్లు తేరుకోవడం మొదలైంది. బిడ్డ ఏడ్చింది, మూడు దినాల్లో అంత గట్టిగా ఏడవలేదట. అప్పుడు వరండాలో పొన్నమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను: కాచడంవల్లే ముదిరింది, కాచమన్నది నేను, బాగా కాచమన్నదీ నేనే. తిడుతుందనుకున్నాను. ఆమె తన వేళ్లు తానే చూసుకుంది.

“మీకు తెలుసు అనుకుంటిమి మేడం,” అంది. అంతే.

ఆ ఊరి బోరుకు పక్కనే మరుగుదొడ్ల గుంతలున్నాయని తర్వాతి వారం నేనే పోయి చూశాను. క్రిములు వచ్చిన దారినే నైట్రేటూ వచ్చింది. చిన్నసీసాలో మొదటిది కనిపించినప్పుడే రెండోదాన్ని అనుమానించాల్సిన అనుభవం నాకుంది, అనుమానించలేదు. బోరు మూయించాం, ట్యాంకరు నీళ్లు ఏర్పాటయ్యాయి. రూలు ప్రకారం మీ తప్పేమీ లేదని మా అధికారి అన్నాడు. నిజమే. ఆ రూలు ఎవరైనా పాటించి ఉంటే బిడ్డకు అదే జరిగేది. అందుకని ముద్ర మార్పించాను. కొత్తదాంట్లో కింద ఇంకో వరుస చేర్చాం: ‘పెద్దసీసా ఫలితం వచ్చువరకు పసిబిడ్డల పాలలో ఈ నీరు, కాచినను, వాడరాదు’. ఫారంలో పసిబిడ్డ అని ఉంటే ఆ ఊరి పెద్దసీసా వరుసలో ఆగకూడదని రిజిస్టరు మొదటి పేజీలో రాయించాను.

ఇంటికి ఏ ఫిల్టరు మంచిదని ఇప్పటికీ తెలిసినవాళ్లు ఫోనుచేసి అడుగుతారు. క్యాండిలు మట్టిని, కొన్ని క్రిములను ఆపుతుంది. లోపల లైటు వెలిగే యూవీ మెషీను క్రిములను చంపుతుంది, కరిగి ఉన్నదాన్ని ముట్టుకోదు. నైట్రేటును, ఫ్లోరైడును చాలావరకు ఆపేది ఆర్వో ఒక్కటే, అదీ లోపలి పొర బాగున్నంతకాలమే. ఏడాదికోసారి దాని నీళ్లు కూడా పరీక్షకు ఇవ్వాలి. ఇదంతా చెబుతాను, కాని చివర్న చెబుతాను. ముందు అడిగేది రెండు: ఇంట్లో పసిబిడ్డ ఉందా, నీళ్లు రెండు సీసాల్లో పరీక్షకు ఇచ్చారా. ఇవ్వలేదంటే నాకు తెలియదంటాను.